పాలకు ఊరు తెలిసిన దుకాణాలు: విస్కాన్సిన్ చీజ్ దారిలో నాలుగు రోజులు

సభలోని పెద్దలకు, పాల రైతులకు, డెయిరీ టెక్నాలజీ చదువుతున్న విద్యార్థులకు నమస్కారం.

అమెరికా పాడి పరిశ్రమ గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. అంత విస్తారమైన విషయాన్ని గంటలో ముగించడం కంటే, నేను కళ్లారా చూసిన చిన్న ప్రాంతం గురించి వివరంగా చెప్పడమే మేలనిపించింది. నిరుడు జూన్‌లో నేను ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ చికాగో పక్కనున్న మా ఇంటి నుంచి బయల్దేరి, విస్కాన్సిన్ రాష్ట్రపు దక్షిణ భాగంలో నాలుగు రోజులు తిరిగాను. మొత్తం ప్రయాణం ఎనిమిది వందల కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. చూడదగ్గ ప్రదేశాల పట్టిక ఏదీ నేను వెంట తీసుకెళ్లలేదు. చీజ్ తయారుచేసే చోటే చీజ్ అమ్మే దుకాణాలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం పటం మీద గుర్తులు పెట్టుకుని, వాటినే మజిలీలుగా చేసుకున్నాను.

ఒంటరిగా ఎందుకు వెళ్లావని చాలామంది అడిగారు. ఇటువంటి దుకాణంలో కౌంటరు దగ్గర గంటసేపు నిలబడి, పాలు ఎక్కడి నుంచి వస్తాయి, తోడు ఏం వేస్తారు, ఎన్నాళ్లు మాగబెడతారు అని ఒక్కొక్కటే అడగాలంటే పక్కన తొందరపెట్టే మనిషి ఉండకూడదు. ఒంటరిగా వచ్చిన మనిషిని చూస్తే కౌంటరు వెనక ఉన్నవాళ్లు కూడా మాట్లాడటానికి కాస్త తీరిక చేసుకుంటారు. ఆ నాలుగు రోజుల్లో నాకు తెలిసిన విషయాల్లో సగం అలా మాటల్లో తెలిసినవే.

ముందుగా నా నేపథ్యం కొంత చెప్పాలి. మా నాన్నగారు తెనాలి దగ్గర ఒక ఊళ్లో ఇరవై రెండేళ్లు పాల సేకరణ కేంద్రం నడిపారు. తెల్లవారుజామున నాలుగున్నరకు కేంద్రం తలుపు తీసేవారు. గంధకికామ్లం సీసా, ఎమైల్ ఆల్కహాల్ సీసా, పాలలోని వెన్నను కొలిచే గాజు బ్యుటిరోమీటర్లు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్, ఎర్ర అట్టల లెక్కల పుస్తకం, ఇవే మా ఇంటి సామాను. రైతులు అడిగే మాట ఒక్కటే: ‘ఫ్యాటు ఎంత వచ్చింది?’ ఆ అంకె మీదే ఆ పూట డబ్బు, దాని మీదే ఆ ఇంటి వారం ఖర్చు ఆధారపడేవి. మా కేంద్రంలో వచ్చిన అంకెకూ, పాలు వెళ్లిన పెద్ద డెయిరీలో వేసిన అంకెకూ పొంతన కుదరని రోజులు ఉండేవి. ఆ రోజుల్లో నాన్నగారు అన్నం సరిగా తినేవారు కాదు. ట్యాంకరు ఎక్కిన తర్వాత మన పాలు ఎవరి పాలతో కలిశాయో, చివరికి ఏమయ్యాయో మాకెవ్వరికీ తెలిసేది కాదు.

ఈ నేపథ్యంతోనే నేను మొదటి మజిలీ అయిన మన్రో పట్టణానికి చేరాను. అది గ్రీన్ కౌంటీకి ముఖ్య పట్టణం. ఊరి నడిబొడ్డున 1891లో కట్టిన న్యాయస్థాన భవనం, దాని చుట్టూ చతురస్రంగా దుకాణాలు ఉన్నాయి. ఆ దుకాణాల వరసలో 1931 నుంచి నడుస్తున్న బామ్‌గార్ట్‌నర్స్ అనే చీజ్ దుకాణం ఉంది. ముందు భాగంలో చీజ్ అమ్ముతారు, వెనక భాగంలో కూర్చుని తినవచ్చు. అక్కడ పేరుపడ్డ తిండి లింబర్గర్ శాండ్‌విచ్. రై రొట్టె ముక్కల మధ్య లింబర్గర్ చీజ్, దాని మీద పచ్చి ఉల్లిపాయ చక్రాలు, ఆవ ముద్ద పెట్టి ఇస్తారు. తిన్న తర్వాత నోటి వాసన పోవడానికి ఒక పిప్పరమెంటు బిళ్ల కూడా ఇస్తారు.

లింబర్గర్ వాసన తీవ్రమైనది. దాని పైతోలు మీద పెరిగే బ్రెవిబాక్టీరియం అనే సూక్ష్మజీవి వల్ల ఆ వాసన వస్తుంది. ఆ జాతి సూక్ష్మజీవులే మనిషి పాదాల మీద కూడా ఉంటాయి కాబట్టి చాలామంది ఆ వాసనను చెమట పట్టిన మేజోళ్లతో పోలుస్తారు. నాకు మాత్రం ఆ వాసన మరీ పరాయిగా అనిపించలేదు. ఎండుచేపల వీధిలో నడిచి బడికి వెళ్లిన పిల్లకు, వాసన వేరు, రుచి వేరు అనే సంగతి చిన్నప్పుడే తెలుస్తుంది. నాలుక మీద పెట్టుకుంటే అది మెత్తగా, ఉప్పగా, కాస్త మాంసపు రుచితో ఉంది. చాలా దశాబ్దాల పాటు అమెరికా మొత్తానికి లింబర్గర్ తయారయ్యే చోటు మన్రో దగ్గరి ఒక్క కర్మాగారమే అని, అది పాలు పోసే రైతుల సహకార సంఘానిదని తెలిసినప్పుడు నేను చేతిలో ఉన్న ముక్కను మరింత శ్రద్ధగా చూశాను.

ఈ ప్రాంతానికి చీజ్ ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే మన్రోకు ఉత్తరంగా ఇరవై ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న న్యూ గ్లారస్ వెళ్లాలి. స్విట్జర్లాండులోని గ్లారస్ ప్రాంతంలో పంటలు పోయి, బతుకుతెరువు లేక ఊళ్లు ఖాళీ అవుతున్న కాలంలో, 1845లో 108 మంది ఇక్కడికి చేరి ఊరు కట్టుకున్నారు. వాళ్లు కూడా మొదట గోధుమే పండించారు. అప్పట్లో విస్కాన్సిన్ అంతా గోధుమ పొలాలే. ఏటా అదే పంట వేయడంతో నేల సారం పోయింది, పైగా చించ్ అనే నల్లి జాతి పురుగు పైరును తుడిచిపెట్టింది. అప్పుడు రైతులు గడ్డి వైపు, ఆవుల వైపు తిరిగారు. చెస్టర్ హేజెన్ అనే రైతు 1864లో లడోగా అనే ఊళ్లో చుట్టుపక్కల రైతుల పాలన్నీ ఒకచోట చేర్చి చీజ్ తయారుచేసే కర్మాగారం పెట్టాడు. 1872లో పాడి రైతుల సంఘం ఏర్పడింది. 1922 నాటికి ఆ ఒక్క రాష్ట్రంలో 2,807 చీజ్ కర్మాగారాలు ఉండేవి.

ఆ అంకె వినగానే నాకు పెద్ద పెద్ద భవనాలు కళ్ల ముందు మెదిలాయి. నిజానికి వాటిలో చాలా వరకు చిన్న చిన్న ఇళ్లే. పైన చీజ్ తయారుచేసేవాడి కుటుంబం, కింద రాగి కాగులు ఉండేవి. అన్ని ఎందుకు కావలసి వచ్చాయంటే, పొద్దున పితికిన పాలను ఎండ ముదరక ముందే గుర్రపు బండి మీద చేర్చగలిగినంత దూరంలో ఒక కర్మాగారం ఉండాలి. అందుకే ప్రతి నాలుగు రోడ్ల కూడలి దగ్గరా ఒకటి వెలిసింది. మన ఊళ్లలో పాల కేంద్రాలు నడక దూరంలో ఎందుకు ఉంటాయో ఆలోచించండి, కారణం అదే. పాలు ఆగవు కనుక మనిషే వాటి దగ్గరికి వెళ్లాలి.

న్యూ గ్లారస్ నుంచి పడమటికి వెళ్లే దారి నా ప్రయాణంలో అన్నిటికన్నా అందమైన భాగం. మంచుయుగంలో హిమనదాలు చుట్టుపక్కలంతా చదును చేసి వెళ్లినా, ఈ మూలకు రాలేదు. అందుకే ఇక్కడ నేలంతా గుట్టలు, లోయలు, వాగులు. పెద్ద దుక్కికి అనువు కాని నేల కాబట్టి గడ్డి మిగిలింది, గడ్డి ఉంది కాబట్టి ఆవులు మిగిలాయి. ఇక్కడి కౌంటీ రోడ్లకు అంకెలు ఉండవు, అక్షరాలే పేర్లు. ఎన్ రోడ్డు దిగి కే రోడ్డు ఎక్కి, రెండు ఎఫ్‌ల రోడ్డు దగ్గర తిరగమని దారి చెబుతారు. లోయల్లో ఫోనుకు సిగ్నల్ అందదు. అటువంటి చోట ఆ అక్షరాల పలకలే నాకు తోడుగా ఉన్నాయి.

మినరల్ పాయింట్ అనే ఊరు ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి సీసపు గనుల్లో పనికి వచ్చినవాళ్లు రాతి ఇళ్లతో కట్టుకున్న ఊరు. ఇక్కడ టోనీ, జూలీ హుక్ దంపతుల చీజ్ దుకాణం ఉంది. 1982లో జరిగిన ప్రపంచ చీజ్ పోటీలో జూలీ హుక్ తయారుచేసిన కోల్బీ చీజ్ అన్నిటికన్నా మేటిగా నిలిచింది. ఆ పోటీలో ఒక మహిళ గెలవడం అదే మొదటిసారి. కోల్బీ కూడా ఈ రాష్ట్రంలో పుట్టిన చీజే. పాలు విరిగి ఏర్పడిన గడ్డలను చల్లని నీళ్లతో కడగడం వల్ల పులుపు తగ్గి, మెత్తగా, తేమగా ఉంటుంది. కానీ నేను అక్కడికి వెళ్లింది మాగిన చెడ్డార్ అనే గట్టి చీజ్ కోసం.

విద్యార్థులు ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినాలి. పది లీటర్ల ఆవు పాలకు సుమారు కిలో చీజ్ వస్తుంది. దాన్ని నెలల తరబడి చల్లని గదిలో ఉంచితే, అందులోని సూక్ష్మజీవులు, ఎంజైములు మాంసకృత్తులను నెమ్మదిగా ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్లో టైరోసిన్ అనేది గడ్డకట్టి, పంటి కింద పటికబెల్లం పలుకులా తగులుతుంది. అందరూ దాన్ని ఉప్పు అనుకుంటారు, కానీ అది ఉప్పు కాదు. అక్కడ నేను ఏడాది, అయిదేళ్లు, పదేళ్లు, పదిహేనేళ్లు మాగిన చెడ్డార్లను వరుసగా రుచి చూశాను. ఏడాది ముక్కలో పాల తీపి ఇంకా ఉంది. పదిహేనేళ్ల ముక్కలో పాలు కనబడవు. ముందు పులుపు, ఆ వెనక మాడిన చక్కెర వంటి తీపి, చాలాసేపు నిలిచే ఘాటు మాత్రమే మిగిలాయి. మా అమ్మమ్మ జాడీలో మూడేళ్లు దాచిన ఉసిరికాయ ఊరగాయ నాకు గుర్తుకొచ్చింది. 2015లో ఈ దంపతులు ఇరవై ఏళ్లు మాగిన చెడ్డార్‌ను పౌను 209 డాలర్లకు అమ్మి, వచ్చిన దానిలో సగం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని డెయిరీ పరిశోధన కేంద్రానికి ఇచ్చారు. ఇరవై ఏళ్లు డబ్బును చల్లని గదిలో బంధించి ఉంచగలిగే ధైర్యం చిన్న తయారీదారుకు ఎలా వస్తుందో మనం ఆలోచించాలి. కొత్త చీజ్‌ను రోజూ అమ్ముకోగలిగే దుకాణం వాళ్ల సొంతం కావడం అందుకు ఒక కారణం.

మినరల్ పాయింట్ పక్కనే డాడ్జ్‌విల్. అక్కడి గుట్టల మీద మేసే ఆవుల పచ్చి పాలతో, పచ్చిక ఉన్న నెలల్లో మాత్రమే ప్లెజెంట్ రిడ్జ్ రిజర్వ్ అనే చీజ్ చేస్తారు. అమెరికన్ చీజ్ సొసైటీ పోటీలో 2001, 2005, 2010 సంవత్సరాల్లో మూడుసార్లు అదే మొదటి స్థానం పొందింది. కాచని పాలతో చేసిన చీజ్‌ను కనీసం 60 రోజులు మాగబెట్టిన తర్వాతే అమ్మాలన్నది అమెరికా చట్టం. ఆ చీజ్‌లో గడ్డి వాసన వస్తుందని అంటే నేను నమ్మలేదు. తిన్నాక నమ్మాను. వానలు పడి గట్ల మీద పచ్చిగడ్డి మొలిచిన వారం మా ఇంటి నెయ్యి రంగు, వాసన ఎలా మారేవో మీలో పాడి ఉన్నవాళ్లందరికీ తెలుసు.

ఇక్కడ నేను ప్రతి దుకాణంలోనూ అడిగిన ఒక ప్రశ్న గురించి చెప్పాలి. మా అమ్మ శాకాహారి. పాలను గట్టిపరచడానికి వాడే రెన్నెట్ తరతరాలుగా లేగదూడ కడుపులోని పొర నుంచి తీసినదే. అందులోని కైమోసిన్ అనే ఎంజైము పాలలోని కేసీన్ అనే మాంసకృత్తును ఒకచోట కోసి, పాలు ముద్దగా గడ్డకట్టేలా చేస్తుంది. 1990లో సూక్ష్మజీవుల చేత అదే కైమోసిన్‌ను తయారుచేయించే పద్ధతికి అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఇప్పుడు అక్కడి చీజ్‌లో అధిక భాగం దానితోనే తయారవుతోంది. అయినా కొన్ని పాత రకాలకు దూడ రెన్నెట్టే వాడతారు. నేను అడిగిన ఏ దుకాణంలోనూ ఎవరూ విసుక్కోలేదు. తెలియని చోట లోపలికి వెళ్లి, తయారుచేసిన మనిషిని అడిగి వచ్చి చెప్పారు. అడిగితే జవాబు చెప్పగలిగేవాడు గోడకు అవతల ఉండటం ఎంత పెద్ద సంగతో నాకు అప్పుడు బాగా అర్థమైంది. సూపర్‌మార్కెట్‌లో నేను ఈ ప్రశ్నకు జవాబు ఎన్నడూ పొందలేదు.

మూడో రోజు ఉదయం లా వాల్ అనే చిన్న ఊరికి వెళ్లాను. అక్కడ కార్ వ్యాలీ చీజ్ అనే సంస్థకు 1902 నాటి నుంచి వస్తున్న కర్మాగారం ఉంది. నేను వెళ్లిన వేళకు చీజ్ కర్డ్స్ అప్పుడే సంచుల్లో నింపుతున్నారు. చెడ్డార్ అచ్చుల్లోకి వెళ్లక ముందు, తేట నీరు వార్చి, ఉప్పు పట్టించిన విరుగుడు ముక్కలే ఈ కర్డ్స్. చిటికెన వేలంత ముక్కలు, ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. కొరికితే పళ్ల మధ్య కీచుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దమే తాజాదనానికి గుర్తు. కేసీన్ పోగులను కాల్షియం గట్టిగా పట్టి ఉంచినంతసేపు అవి పంటికి రబ్బరులా రాసుకుని అరుస్తాయి. ఒకటి రెండు రోజుల్లో పులుపు పెరిగి ఆ కాల్షియం కరిగిపోయే కొద్దీ శబ్దం కూడా పోతుంది. అందువల్ల ఈ తిండిని దాని అసలు రూపంలో దూరప్రాంతాలకు పంపడం కుదరదు. తినదలచినవాళ్లు అక్కడికి రావాలి. మన జున్ను కూడా ఇంతే కదా. ఈనిన ఇంటికి దగ్గరగా ఉన్నవాళ్లకే జున్నుపాలు అందుతాయి.

దారిలో కారు నడుపుతూ నేను బాబ్‌కాక్ గురించి చాలాసేపు ఆలోచించాను. 1890 వరకు విస్కాన్సిన్‌లో పాలకు బరువును బట్టే ధర ఇచ్చేవారు. మీగడ తీసినవాడికీ, నీళ్లు కలిపినవాడికీ, చిక్కటి పాలు పోసినవాడికీ ఒకటే ధర. ఆ ఏడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ గంధకికామ్లంతో, సెంట్రిఫ్యూజ్‌తో పాలలోని వెన్నను కొలిచే సులువైన పరీక్ష కనిపెట్టాడు. దానికి పేటెంట్ తీసుకోలేదు, ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. ఆ తర్వాత కొద్దికాలానికే స్విట్జర్లాండులో నిక్లాస్ గెర్బర్ రూపొందించిన పరీక్షనే మా నాన్నగారు తెనాలి దగ్గర రోజుకు రెండు పూటలా చేశారు. నిజాయితీగల రైతుకు న్యాయం చేయడానికి పుట్టిన పరీక్ష అది. కొలిచే చెయ్యి కూడా నిజాయితీగా ఉంటేనే ఆ న్యాయం జరుగుతుందని నాన్నగారు అనేవారు. ఆయన ఇప్పుడు లేరు. ఈ ప్రయాణం ఆయనతో చేయవలసింది.

నేను చూసింది అంతా సుఖంగా ఉన్న ప్రపంచమని మీరు అనుకోకూడదు. ఈ శతాబ్దం మొదట్లో విస్కాన్సిన్‌లో పదిహేను వేలకు పైగా పాడి కమతాలు ఉండేవి. 2023 నాటికి అవి ఆరు వేల లోపుకు పడిపోయాయి. పాల దిగుబడి మాత్రం తగ్గలేదు. అంటే ఆవులు పెద్ద కమతాల్లోకి మారాయి, చిన్న రైతులు పాడి వదిలేశారు. దారి పొడవునా రంగు వెలిసిన ఎర్ర కొట్టాలు, పశువుల మేత నిల్వచేసే తలుపు లేని సైలోలు కనిపిస్తూనే ఉన్నాయి. 2,807 కర్మాగారాల చోట ఇప్పుడు మిగిలినవి దాదాపు 120. అయినా ఆ మిగిలినవాటిలో చిన్నవి ఎలా నిలబడ్డాయో చూస్తే రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, తయారీ నైపుణ్యానికి అక్కడ ఇచ్చే విలువ. చీజ్ చేసేవాడికి లైసెన్సు తప్పనిసరి చేసిన అమెరికా రాష్ట్రం విస్కాన్సిన్ ఒక్కటే. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు మరికొన్నేళ్లు చదివి, పరీక్షకు నిలబడితే ‘మాస్టర్ చీజ్‌మేకర్’ అనే గుర్తింపు ఇచ్చే పద్ధతి 1994లో మొదలైంది. రెండోది, నేను ఇంతసేపూ చెబుతున్న దుకాణం. తమ సరుకును తామే అమ్ముకునే కౌంటరు ఉన్నవాడు ధర తానే చెప్పగలడు. మన జిల్లాల్లో పాలు పోసే రైతుకు ఇప్పటికీ లేనిది అదే. మన గేదె పాలలో వెన్న, కేసీన్ ఆవు పాలలో కన్నా ఎక్కువ. వాటితో ఏం చేయవచ్చో ఇక్కడ కూర్చున్న విద్యార్థులు నాకన్నా బాగా చెప్పగలరు. అయితే ఏం చేసినా, తయారైన చోటే దాన్ని అమ్మే కిటికీ ఒకటి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

నాలుగో రోజు ఆఖరి మజిలీ తెరీసా అనే ఊరు. అక్కడి విడ్‌మర్స్ చీజ్ సెల్లార్స్‌ను స్విట్జర్లాండు నుంచి వచ్చిన కుటుంబం 1922 నుంచి నడుపుతోంది. అక్కడ చేసే చీజ్ పేరు బ్రిక్, అంటే ఇటుక. 1877లో ఇదే రాష్ట్రంలో జాన్ జోసీ అనే ఆయన దీన్ని మొదట తయారుచేశాడు. మెత్తని విరుగుడును పొడవాటి అచ్చుల్లో పోసి, చేత్తో తిప్పి, తేట నీరు దిగడానికి పైన నిజమైన ఇటుకలు బరువుగా పెడతారు. ఈ కుటుంబం తరతరాలుగా అవే ఇటుకలు వాడుతూ వస్తోంది. కిటికీలోంచి చూస్తే వాటి అంచులు అరిగి గుండ్రమై కనిపించాయి. యంత్రంతో అదే ఒత్తిడి రప్పించడం కష్టం కాదు. కానీ ఇటుక బరువుకు అలవాటుపడిన చెయ్యి, ఆ రోజు విరుగుడు ఎంత మెత్తగా ఉందో దాన్ని ఎత్తినప్పుడే తెలుసుకుంటుంది.

అక్కడి నుంచి అమ్మకు ఫోను చేశాను. తెనాలిలో అప్పుడు రాత్రి పదయింది. సూక్ష్మజీవుల రెన్నెట్‌తో చేసిన కర్డ్స్ దొరికాయని, తింటే కీచుమంటున్నాయని చెప్పి, ఫోను దగ్గర పెట్టి ఒకటి కొరికాను. అమ్మకు వినిపించింది. కాసేపు ఊరుకుని, ‘ఆ పాలు ఎవరివమ్మా?’ అని అడిగింది. ఇరవై రెండేళ్లు పాల కేంద్రం ఉన్న ఇంట్లో బతికిన మనిషి అడిగే ప్రశ్న అది. నేను లోపలికి వెళ్లి కౌంటరు దగ్గరి ఆవిడను అదే మాట అడిగాను. ఆవిడ చేతులు తుడుచుకుని, దుకాణం బయటికి నాతో వచ్చి, రోడ్డు వంక చూపిస్తూ ఈ ఉదయం పాలు పంపిన కమతం ఏ అక్షరం రోడ్డు మీద ఉందో, అక్కడికి ఎంత దూరమో చెప్పింది. ఫోనులో అమ్మ ఆ అక్షరాన్ని రెండుసార్లు పలికించుకుని రాసుకుంది.